ఒక్కచోట తీసిన ముక్క

బందరు డిపోలో కండక్టరు జ్ఞానయ్య అంటే నాగాయలంక రూటులో తెలియనివాళ్ళు తక్కువ. మాట తక్కువ మనిషి. చేపల బుట్టలతో బస్సెక్కే ఆడవాళ్ళని మిగతా కండక్టర్లు కసురుకునేవారు. జ్ఞానయ్య మాత్రం బుట్టల్ని వెనక సీటు కిందకి తోయించి, ఏమీ అనకుండా టిక్కెట్టు చింపి ఇచ్చేవాడు. మోపిదేవి గుడికొచ్చే జనంతో ఆదివారాలు బస్సు కిక్కిరిసిపోయినా అతని గొంతు పెరిగేది కాదు.

ఇంట్లో మాటల లోటు అతని భార్య రూతు తీర్చేది. ఆవిడ టీచరు. పెళ్ళైన కొత్తలో నందివాడ దగ్గరి ఊళ్ళో పని చేసింది, తరవాత బందరు పక్కకి బదిలీ చేయించుకుంది. సాయంత్రం ఇంటికొచ్చాక బడిలో జరిగిందంతా చెప్పేది. ఎవరు ఏడిచారు, ఎవరు ఎవరి పలక పగలగొట్టారు, హెడ్మాస్టరు ఏమన్నాడు. జ్ఞానయ్య అన్నం తింటూ వినేవాడు. మధ్యలో ఆపి "వింటున్నారా?" అని అడిగితే "ఆఁ" అనేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. మొదట్లో దాని గురించి బాధపడ్డారు, తరవాత మానేశారు.

రూతు తల్లి ఆనందమ్మ దివిసీమలో, నాగాయలంకకి కాస్త దిగువన ఒక పల్లెలో ఒక్కతే ఉండేది. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆవిడ భర్త కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అప్పుడు రూతుకి పదమూడేళ్ళు. పిల్లని బందరులో మిషనువాళ్ళ హాస్టల్లో చేర్పించి, తను పొలం పనులకి పోయి చదివించుకుంది.

తొంభై ఎనిమిది వానాకాలంలో రూతుకి ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడే జ్ఞానయ్యకి మొదటిసారి అలా అయింది. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో, అలా లోపల ఏదో మొద్దుబారింది. భయపడాలని తెలుసు, భయం మాత్రం అందలేదు. ఎదురుగా గోడ మీద బల్లి దీపం పురుగుని పట్టుకుంటుంటే అదే చూస్తూ కూర్చున్నాడు.

తీసిన గడ్డని పరీక్షకి పంపితే, ఆ కణాలు ఒంట్లోని ఆడ హార్మోనుని పట్టుకుని పెరిగే రకమని తేలింది. "ఒకందుకు మంచిదే. ఆ హార్మోనుని అందకుండా చేసే మాత్ర ఉంది. రోజుకొకటి, అయిదేళ్ళు" అన్నాడు పెద్ద డాక్టరు. రూతు ఆ మాత్రని పొద్దున్నే ప్రార్థన చేసుకోగానే వేసుకునేది. ఆపరేషను తరవాత ఎక్కించిన మందులకి రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది. బడికి వెళ్ళింది. పైట సర్దుకునే తీరు మాత్రం మారింది.

నాలుగేళ్ళు బాగానే గడిచాయి. రెండువేల రెండులో ఒకనాడు జడ వేసుకుంటూ, మెడ కింద ఎముక పైన చెయ్యి పెట్టి, "ఏమండీ, ఇక్కడ చూడండి" అంది. రేగుపండంత గడ్డ.

ఈసారి బందరు ల్యాబులో ముక్క పరీక్ష చేసిన డాక్టరమ్మ పేరు మాధవీలత. గుడివాడ పిల్ల. రోగుల్ని చూడదు, వాళ్ళ నుంచి తీసిన ముక్కల్ని చూస్తుంది. కాన్సరు ఒకచోట పుట్టి, పెరిగి, వేరే చోటికి పాకే దారిలో దాని కణాలు ఎలా మారుతున్నాయన్నది ఆవిడ చదువుకుంటున్న విషయం. సాధారణంగా అలాంటి డాక్టర్లు రిపోర్టు రాసి పంపేస్తారు. ఈవిడ మాత్రం రూతునీ జ్ఞానయ్యనీ పిలిపించింది.

"టీచరు గారూ, మీ పాత గడ్డ మైనంలో దాచి ఉంచారండి. ఆ దిమ్మ తెప్పించి మళ్ళీ కోసి చూశాను. రెండూ ఒకలా లేవు. అందుకే మాత్ర పని చెయ్యలేదు."

"ఒకలా లేవంటే? ఇది కొత్త కాన్సరా?"

"కాదండి, పాతదే. కానీ మారిపోయింది."

రూతు కాసేపు ఆలోచించి, "నాకు చూపిస్తారా?" అంది.

మాధవీలత అలాంటి మాట అంతకుముందు ఏ రోగి నోటా విననట్టుంది. స్టూలు ముందుకి జరిపి మైక్రోస్కోపు సరిచేసింది. రూతు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి వంగింది.

"మేం పూసిన రంగు పట్టి గోధుమరంగులో కనిపిస్తున్నవి హార్మోనుని పట్టుకునే కణాలండి. ఇది మీ మొదటి గడ్డ."

"అంతా గోధుమరంగే."

"ఇప్పుడు ఈ పక్కకి జరుపుతున్నాను. చూడండి."

"ఇక్కడ రంగు లేదు. కాఫీ ఒలికిన గుడ్డలో తడవని చోటులాగా ఉంది."

"అదేనండి. అప్పుడు పరీక్షకి వేరే మూల నుంచి ముక్క తీశారు. ఈ మూల ఎవరి కళ్ళా పడలేదు." గాజు పలక మార్చింది. "ఇది ఇప్పుడు మెడ దగ్గర తీసింది."

రూతు చాలాసేపు తలెత్తలేదు. ఆ పలక మీద గోధుమరంగన్నదే లేదు.

"ఒక్క కణం నుంచే మొదలవుతుందండి అంతా. అది రెండవుతుంది, నాలుగవుతుంది. అలా విడిపోయినప్పుడల్లా కొన్నిట్లో ఏదో ఒక తేడా వస్తుంది. కొన్నాళ్ళకి గడ్డ ఒక్కటే అయినా, లోపల రకరకాలవి ఉంటాయి. మాత్ర గోధుమరంగువాటిని అణిచేసింది. మిగిలినవాటికి దానితో పని లేదు. అవి బతికి పైకి వచ్చాయి."

"మీరూ చూస్తారా?" అంది రూతు భర్తతో. జ్ఞానయ్య వద్దన్నట్టు తలూపాడు. బయట రిక్షా ఉందో వెళ్ళిపోయిందో అని కిటికీలోంచి చూస్తున్నాడు.

మాత్ర ఆపేశారు. సెలైనులో ఎక్కించే మందులు మొదలుపెట్టారు. మెడ దగ్గర గడ్డ కరిగింది. మళ్ళీ జుట్టు రాలిపోయింది, మళ్ళీ కొంచెం వచ్చింది. ఆ ఏడాదంతా జ్ఞానయ్య డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు, గంజి కాచాడు, బట్టలు ఉతికాడు. ఏ పనీ వదిలిపెట్టలేదు. డిపోలో వాళ్ళు "గట్టి మనిషివయ్యా" అంటే అది ఎవరి గురించో అన్నట్టు వినేవాడు.

మరుసటి ఏడు తుంటి ఎముకలో నొప్పి వచ్చింది. తరవాత కాలేయంలో మచ్చలు కనిపించాయి. రూతు బడికి సెలవు పెట్టి, కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉండాలని అతని బస్సే ఎక్కింది. కండక్టరు సీటు పక్కన కూర్చుంది. చల్లపల్లిలో సగం బస్సు ఖాళీ అయ్యాక జ్ఞానయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొన్న మాధవీలత గారితో మాట్లాడాను. తుంటిలోదీ కాలేయంలోదీ ఎలాంటివో ఆవిడకి తెలీదట. ఇప్పుడు అన్నిచోట్లా పొడిచి ముక్కలు తీస్తే నా ఒళ్ళు తట్టుకోలేదంది. అందుకని నేనే అన్నాను, నేను పోయాక తీసుకోండని."

జ్ఞానయ్య టిక్కెట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏది దేన్నుంచి వచ్చిందో, ఎప్పుడు విడిపోయిందో తెలుస్తుందట. ఆవిడకి మీరు ఫోను చెయ్యాలి. సంతకం మీరే పెట్టాలి."

"సరే."

రూతు అతని మొహంలోకి చూసింది. "ఏమిటి సరే? వచ్చేటప్పుడు వంకాయలు తెమ్మన్నట్టు సరేనంటారేం? ఒక్కసారి కాదనండి. ఆ మాటలేంటని కసురుకోండి. నేను పోతానంటే సరే, కోస్తారంటే సరే."

అతను కావాలని మాట దాచుకోలేదు. వెతుక్కుంటే నిజంగానే దొరకలేదు. ముందు ఎవరో బస్సు ఆపమని కేకేశారు. లేచి వెళ్ళి తలుపు తీశాడు. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి రూతు కిటికీ కమ్మీకి తల ఆన్చి కళ్ళు మూసుకుంది. తరవాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

రెండువేల నాలుగు మే నెలలో, మిట్టమధ్యాహ్నం, బందరు ఆసుపత్రిలో రూతు పోయింది. ఆనందమ్మ మంచం పక్కనే ఉంది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసి దుప్పటి పైకి లాగింది. ఆనందమ్మ మొదట నమ్మలేదు. తరవాత కూతురి మొహం రెండు చేతుల్లో పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. జ్ఞానయ్య బయటికి నడిచాడు. ఎండలో రోడ్డు దాటి టెలిఫోను బూత్‌లోకి వెళ్ళాడు. ఏడవడానికి వెళ్ళాడనుకున్నాడు తనే. లోపలికి వెళ్ళాక చూస్తే చేతిలో మాధవీలత నంబరు ఉంది.

ఆవిడ అరగంటలో వచ్చింది. ఎవరో డాక్టరమ్మ వచ్చి ఏదో తీసుకుంటానంటోందని ఆనందమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏం తీస్తావమ్మా?"

"గడ్డలున్న చోట్ల చిన్న చిన్న ముక్కలండి మామ్మగారూ. రూతు గారు నాతో చెప్పారు."

"చచ్చిపోయినా వదలరా దాన్ని?" అని ఆనందమ్మ అల్లుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పోయినేడు నుంచి."

"నాకో మాట చెప్పాలనిపించలేదా నీకు?"

చెప్పకూడదని అతను అనుకోలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

ఆనందమ్మ గొంతు పెద్దది కాలేదు, ఇంకా తగ్గింది. "ఉప్పెనప్పుడు నా మొగుడు దొరకలేదు. ఈ పిల్లని చేత్తో పట్టుకుని దిబ్బలన్నీ తిరిగాను. బోర్లా పడున్న ప్రతి మగాణ్ణీ తిప్పి చూశాను. చొక్కా ముక్క దొరికినా పూడ్చుకుని, అక్కడ ఓ పువ్వు పెట్టుకుందును. దొరకలేదు. దీన్నైనా నిండుగా పడుకోబెట్టుకోనీ నాయనా."

మాధవీలత సంచీ భుజానికి తగిలించుకుంది. "వద్దంటే వద్దండి. నేను వెళ్ళిపోతాను. రూతు గారు కూడా ఏమీ అనుకోరు."

ఆవిడ వరండా మెట్ల దాకా వెళ్ళింది. అప్పుడు జ్ఞానయ్య నోరు తెరిచాడు.

"అత్తా. ఆవిడ వెళ్ళిపోతే నాకేం బాధ ఉండదు. నాకిప్పుడు ఏ బాధా తెలియట్లేదు. రూతు పోయిందని కూడా తెలియట్లేదు. కానీ తను అడిగింది. ఇన్నేళ్ళలో నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఇదొక్కటి అడిగింది. నేను సరేనన్నాను."

అతను ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం ఆనందమ్మ ఎన్నడూ చూడలేదు. కూతురి కాళ్ళ మీద దుప్పటి సరిచేసింది. తరవాత డాక్టరమ్మని పిలిచి, "దేంతో తీస్తావు? చూపించు" అంది.

మాధవీలత సూదిని బయటికి తీసి చూపించింది. బోలు సూది, గోనెలు కుట్టే దబ్బనమంత.

"కొయ్యవా?"

"కొయ్యనండి. దీంతోనే. బియ్యపుగింజ అంత ముక్క వస్తుంది. ఒక్కోచోట రెండు, మూడు."

"దాని ఒంట్లోంచి అంతేనా పోయేది?"

"అంతేనండి."

"అయితే నేను పక్కనే ఉంటాను."

సాధారణంగా ఎవర్నీ ఉండనివ్వరు. మాధవీలత కాదనలేదు. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆనందమ్మ కూతురి కుడిపాదం పట్టుకుని నిలబడిందట. జ్ఞానయ్య సంతకం పెట్టి, బయట బండివాడి దగ్గర గోలీసోడా తాగాడు. సోడా చల్లగా ఉందని తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

మర్నాడు దివిసీమలో, ఆనందమ్మ పల్లెలో సమాధి చేశారు. పాస్టరు గారు పునరుత్థానం గురించి చెబుతున్నప్పుడు చాలామంది ఏడ్చారు. కొందరు జ్ఞానయ్యని చూసి, రాయిలా ఉన్నాడేమిటని చెవులు కొరుక్కున్నారు. అతను విన్నాడు. వాళ్ళు అన్నది నిజమే కదా అనుకున్నాడు.

మళ్ళీ డ్యూటీలో చేరాడు. నాగాయలంక, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, బందరు. తెలిసినవాళ్ళు టిక్కెట్టు తీసుకుంటూ "పాపం టీచరు గారు" అనేవారు. "ఆఁ, అవునండి" అని చిల్లర చేతిలో పెట్టేవాడు. ఇంటికెళ్ళాక గదిలో మాట్లాడేవాళ్ళు లేరు. రేడియో పెట్టుకునేవాడు, ఏం వస్తోందో తెలిసేది కాదు. ఒకసారి కాలికి మేకు గుచ్చుకుని చెప్పు రక్తంతో తడిసేదాకా చూసుకోలేదు. ఆ సంగతి డ్రైవరు ద్వారా ఆనందమ్మకి చేరింది. ఆవిడ నాగాయలంకలో బస్సెక్కి, సంచీతో సహా అతని ఇంటికి వచ్చేసింది. అల్లుడి ఇంట్లో ఉండటమేమిటని పల్లెలో అడిగితే, "వాడికెవరున్నారు? నాకెవరున్నారు?" అని ఊరుకుంది.

రెండేళ్ళ తరవాత ఒక ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చేసరికి మాధవీలత గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కాస్త ఒళ్ళు చేసింది, కళ్ళజోడు వచ్చింది. లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"హైదరాబాదులో ల్యాబుకి పంపి చూడటానికి ఇంత కాలం పట్టిందండి. తెలిసింది మీకు చెప్పాలి. మెడ దగ్గరి గడ్డ నుంచే కాలేయానికీ తుంటికీ పాకిందని అందరం అనుకున్నాం. కాదు. మెడలోది వేరే శాఖ. కాలేయానికీ తుంటికీ వెళ్ళినవి మొదటి గడ్డలోంచే, ఇంకో మూల నుంచి విడిగా బయల్దేరాయి. బహుశా ఆపరేషనుకి ముందే."

"అంటే ఆపరేషను చేసేసరికే దాని ఒంట్లో తిరుగుతున్నాయా?" అంది ఆనందమ్మ.

"అవునండి. చాలా కొద్దిగా. ఏ పరీక్షకీ అందనంత." మాధవీలత ఆగి, మంచినీళ్ళు తాగింది. "ఇంకొకటుంది. కాలేయంలో మచ్చలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. వాటిల్లో రెండు గోధుమరంగువే. హార్మోనుని పట్టుకునేవే."

జ్ఞానయ్య తలెత్తలేదు. ఆనందమ్మే అడిగింది. "గోధుమరంగువాటికే కదూ ఆ మాత్ర?"

"అవునండి."

"ఆ మాత్రే కదమ్మా ఆపేశారు?"

"అవునండి. మెడ దగ్గర ఒక్కచోట తీసిన ముక్క చూసి ఒళ్ళంతా అలాగే ఉందనుకున్నాం. ఆ రిపోర్టు రాసింది నేనే. మాత్ర కూడా ఇస్తూ ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవారా అంటే, నేను చెప్పలేను. మిగతా మచ్చలు ఆగేవి కావు. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను."

ఎదురింట్లో ఎవరో కారం దంచుతున్నారు. ఆనందమ్మ పెదవులు కదిలాయి. డాక్టరమ్మని తిట్టాలనుకుందో, దేవుణ్ణి తలుచుకుందో తెలీదు.

"ఇప్పుడేం చేస్తున్నారు?" అన్నాడు జ్ఞానయ్య. అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది.

"కొత్తగా ఎక్కడ గడ్డ కనిపించినా, వీలైతే అక్కడి నుంచీ ముక్క తియ్యమని అడుగుతున్నానండి. ఒక్కచోట చూసి మందు మార్చెయ్యొద్దని చెబుతున్నాను. కొందరు వింటున్నారు. పెడన నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడకి మెడలో ఒకలా, ఊపిరితిత్తిలో ఇంకోలా ఉంది. రెండు మందులూ ఇస్తున్నారు."

"ఆవిడ ఉందా?"

"ఉందండి. మిషను కుడుతోంది."

జ్ఞానయ్య తలూపాడు. పెడన ఆవిడకి ఎన్నేళ్ళు, పిల్లలున్నారా అని అడగాలనిపించింది, అడగలేదు.

మాధవీలత లేచింది. ఆనందమ్మ ఆవిడని గుమ్మం దాకా సాగనంపింది. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో జ్ఞానయ్యకి వినపడలేదు. ఆనందమ్మ డాక్టరమ్మ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేయడం మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం ఆనందమ్మ పీటలు వాల్చి అన్నం వడ్డించింది. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. జ్ఞానయ్య రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏంటి?" అంది ఆనందమ్మ.

"కూరలో ఉప్పు లేదు."

ఆవిడ అతని వైపు అలాగే చూసింది. "ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఉప్పు మర్చిపోయానో నాకే తెలీదు. నేను తింటూ నాలిక్కరుచుకునేదాన్ని. నువ్వు మాత్రం ఒక్కరోజూ అనలేదు."

లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి అతని పక్కన పెట్టింది. జ్ఞానయ్య చిటికెడు తీసి కూరలో కలుపుకున్నాడు. మూడో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. రూతు పోయిందని అప్పుడు తెలిసింది. చెయ్యి కంచం మీదే ఉంచి, కిందికి చూస్తూ కూర్చున్నాడు.

ఆనందమ్మ తన కూరలో కూడా ఉప్పు కలుపుకుని, అతను మళ్ళీ తినేదాకా అక్కడే కూర్చుంది.